తమ్మిలేరు వెంట లంకల దాకా

ఏలూరులో కారెక్కి కైకలూరు రోడ్డు పట్టినవాళ్లు కాసేపటికే అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇంతకీ కొల్లేరెక్కడ?" అప్పటికి వాళ్లు కొల్లేట్లోనే ఉంటారు. ఇటు చేపల చెరువు, అటు చేపల చెరువు, నడుమ కట్ట, కట్ట మీద రోడ్డు. పటంలో నీలంగా పరుచుకున్న సరస్సు కంటికి ఆనదు. అందుకే ఈ ప్రయాణాన్ని కొల్లేటితో మొదలుపెట్టొద్దంటాను. ముందు ఉత్తరంగా మెట్టకు వెళ్లి, తమ్మిలేరు ఎలా దిగి వస్తుందో మీరూ అలాగే లంకల్లోకి దిగండి. రెండు రోజులు చాలు. కారు మీరే నడుపుకుంటే మరీ మంచిది. డ్రైవరును మాట్లాడుకుంటే తిన్నగా ద్వారకా తిరుమలకు తీసుకెళ్లి, దర్శనం చేయించి, సాయంత్రానికి రైలెక్కిస్తాడు.

ఏలూరుకు ఉత్తరంగా సుమారు నలభై కిలోమీటర్లు వెళితే కామవరపుకోట మండలంలో గుంటుపల్లి గుహలు వస్తాయి. దారి అడిగేటప్పుడు జీలకర్రగూడెం అంటే త్వరగా చెబుతారు. డెల్టా పచ్చదనం వెనకబడి మామిడి, జీడిమామిడి, వరసలు కట్టిన పామాయిల్ తోటలు మొదలవుతాయి. మెట్లెక్కితే గుర్రపు నాడా ఆకారంలో వంగిన కొండ, ఆ వంపులో తొలిచిన గుహలు కనిపిస్తాయి. కొండ మీద ఇటుకలతో కట్టిన చైత్యం, చుట్టూ చిన్న చిన్న స్తూపాలు. వీటిలో తొలి కట్టడాలు క్రీస్తుపూర్వం రెండో శతాబ్దం దాకా వెళతాయి.

ఎక్కువసేపు ఉండాల్సింది గుండ్రటి చైత్య గుహలో. లోపలికెళ్లి తలెత్తితే రాతి కప్పు గుడిసె కప్పులా కనిపిస్తుంది. వాసాలు నడినెత్తిన ఒకచోట చేరతాయి, వాటిని అడ్డంగా పట్టిన కమ్మెలూ ఉంటాయి. బరువు మోసేది కొండ కాబట్టి రాతికి వాసాలతో పని లేదు. అయినా ఆనాటి వడ్రంగి కర్రతో ఇల్లు ఎలా కప్పేవాడో ఆ పోలికను శిల్పి పొల్లు పోకుండా చెక్కాడు. బిహార్‌లోని బరాబర్ కొండల్లో లోమశ రుషి గుహ ముఖద్వారానిదీ ఇదే పద్ధతి. రెండువేల ఏళ్ల నాటి తెలుగు నేల గుడిసె ఎలా ఉండేదో చూడాలంటే ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం నాకు తెలీదు. ఇక్కడి బ్రాహ్మీ శాసనాల్లో ఒకటి మహామేఘవాహన వంశపు రాజు సిరి సదను పేర్కొంటుంది. కళింగ ఖారవేలుడిదీ ఆ వంశమే. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటే గానీ కొండ మీద నీడ తక్కువ, మంచినీళ్ల సీసా మరవొద్దు.

తిరుగుదారిలో పెదవేగి. ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ బోర్డు కనిపించినంత సులువుగా ఇక్కడ వేంగి కనిపించదు. శాలంకాయనులకు, ఆ తర్వాత తూర్పు చాళుక్యులకు రాజధాని ఇది. 624లో కుబ్జ విష్ణువర్ధనుడు మొదలుపెట్టిన వంశం నాలుగు శతాబ్దాలకు పైగా నడిచింది, రాజధాని మాత్రం కాలక్రమంలో రాజమహేంద్రవరానికి తరలిపోయింది. ఊళ్లో మిగిలినవి మట్టిదిబ్బలు, తవ్వకాల్లో బయటపడ్డ పునాదులు, గుళ్ల దగ్గర పేర్చిన పాత రాళ్లు. కోట బురుజులు చూద్దామని వెళితే నిరాశే.

ఇక్కడ గుర్తు చేసుకోవాల్సిన శాసనం మాత్రం కర్ణాటకలోని ఐహొళెలో ఉంది. విష్ణువర్ధనుడి అన్న రెండో పులకేశి విజయాలను 634లో రవికీర్తి అక్కడ రాతికెక్కించాడు. అందులో కునాల సరస్సు నీళ్లు యోధుల నెత్తురుతో ఎర్రబారాయని ఉంది. ఆ కునాలే కొల్లేరని చరిత్రకారులు ఎక్కువమంది అంటారు. వేంగిని పట్టాలంటే కొల్లేటి ఒడ్డున గెలవాలన్నమాట.

ఖమ్మం వైపు నుంచి వచ్చే తమ్మిలేరు ఏలూరు దగ్గర రెండు పాయలై ఊరిని చెరోవైపు పట్టుకుని కొల్లేటికి పోతుంది. ఊరి నడుమ కాలువల సంగతి ఇంకా విచిత్రం. ధవళేశ్వరం నుంచి గోదావరి నీళ్లు, బెజవాడ నుంచి కృష్ణ నీళ్లు కాలువల్లో వచ్చి కలిసేది ఇక్కడే. పందొమ్మిదో శతాబ్దంలో ఆనకట్టలు కట్టాక ఈ కాలువల మీద పడవలు నడిచాయి. 2008లో ప్రకటించిన నాలుగో జాతీయ జలమార్గంలో ఏలూరు కాలువ కూడా ఉంది. పడవలు మాత్రం కాగితం మీదే ఉన్నాయి. ఊరికి పేరు తెచ్చిన ఉన్ని తివాచీలను నేసే చేతులు తగ్గాయి. మగ్గం ఆడుతున్న ఇల్లు దొరికితే ఆగండి, ముడి వేసే వేగం చూస్తుంటే పూట గడిచిపోతుంది.

మర్నాడు తెల్లవారుజామున దక్షిణానికి. కొల్లేరు కృష్ణా గోదావరి డెల్టాల మధ్య మిగిలిపోయిన పల్లం. బుడమేరు, తమ్మిలేరు, లెక్కలేనన్ని మురుగుకాలువలు ఇందులో పడతాయి. ఇక్కడివాళ్ల కబుర్లలో 'ఐదో కాంటూరు' అన్న మాట దొర్లుతూ ఉంటుంది. సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు దాకా నీరు పరుచుకునే మేర అది, 308 చదరపు కిలోమీటర్లు. 1999లో దాన్ని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 1970ల్లో సహకార సంఘాలతో మొదలైన చేపల చెరువులు అప్పటికే సరస్సును గళ్లగళ్లుగా కోసేశాయి. 2006లో ప్రభుత్వం పేలుడు పదార్థాలు పెట్టి ఆ గట్లను పగలగొట్టింది. ఆపరేషన్ కొల్లేరు అన్నారు దాన్ని. 2008లో అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని శాసనసభ తీర్మానించింది. ఆ తర్వాత కమిటీలు, కేసులు, మళ్లీ లేచిన గట్లు... కొల్లేటి చాంతాడే. లంకల్లో ఎవరినైనా కదిపితే ఈ చరిత్ర తారీఖులతో సహా చెబుతారు. పెద్ద చెరువులవాళ్లు లాభపడ్డారు, గట్లు కొట్టిననాడు కూలి పోయింది మాకే అని వలవేసేవాళ్లు అనే మాటలో నిజం ఉంది. దాన్ని పక్కనపెట్టి పక్షుల గురించి మాత్రమే మాట్లాడటం నాకు సబబనిపించదు.

పెదయడ్లగాడి, చినయడ్లగాడి వంతెనల దగ్గర కారు పక్కకు ఆపండి. చెరువు గట్ల చెర వదిలి నీరు నీరుగా కనిపించేది ఇక్కడే. గుర్రపుడెక్క తెప్పలు, వాటి మీద బొల్లికోళ్లు, దూరంగా దోనెలో వల సర్దుకునే మనిషి. వరదొస్తే ఈ రోడ్డు మీద రాకపోకలు ఆగిపోతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచి ఇటే వచ్చింది, లంక గ్రామాలు రోజుల తరబడి పడవల మీద బతికాయి. అందుకే ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఇటు రావద్దు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. తెల్లారి మంచు మాత్రం దట్టం.

కైకలూరు మీదుగా కొల్లేటికోట వెళ్లొచ్చు. పెద్దింట్లమ్మ గుడి అక్కడే, ఫాల్గుణంలో జాతర. ఒడిశా గజపతుల కోట ఈ లంక మీదే ఉండేదంటారు. చిగురుకోటలో విడిది చేసిన శత్రు సేనాని సరస్సును సముద్రంలోకి వదిలి కోట పట్టాలని ఉప్పుటేరు తవ్వించాడట. గజపతి సేనాని దేవతలను మెప్పించడానికి కూతురినే బలిచ్చాడట. ఆ పాయకు పేరంటాల కనుమ అని పేరు మిగిలింది. కథ ఎంత నిజమో గానీ నీళ్లు తగ్గితే లంకకు రక్షణ పోతుందన్న ఇంగితం అందులో ఉంది.

కైకలూరు పక్కనే ఆటపాక. అటవీ శాఖ నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకుంటాయి. ఇనుము మీద పక్షి గూడేమిటని ముఖం చిట్లించకండి, దీని వెనక కథ ఉంది. 1946లో కె.కె. నీలకంఠన్ అనే మలయాళీ ఉపాధ్యాయుడు కొల్లేటికి తూర్పున ఆరేడు దగ్గర మూడువేల దాకా గూడబాతులు గూళ్లు పెట్టడం గమనించి రాశాడు. ఇందుచూడన్ పేరుతో కేరళ పక్షుల మీద ప్రసిద్ధ గ్రంథం రాసింది ఈయనే. 1975 ప్రాంతానికి ఆ గూళ్లు ఖాళీ అయ్యాయి. మళ్లీ వచ్చిన పక్షులకు చెట్లు చాలక ఇనుము దిక్కయింది. గూడబాతులతోపాటు ఎర్రకాళ్ల కొంగలూ చేరతాయి. పడవ షికారు ఉంది. బైనాక్యులర్ ఉంటే ఒడ్డు నుంచే ఎక్కువ కనిపిస్తుంది.

భోజనం దగ్గర ఒక హెచ్చరిక. కొల్లేటి ఒడ్డున కొల్లేటి చేప తినడం అంత తేలిక కాదు. చెరువుల్లో పెరిగే శీలావతి, బొచ్చె ఐసు పెట్టెల్లో కోల్‌కతా వైపు వెళ్లిపోతాయి. హోటల్లో కొర్రమీను పులుసు అడిగేముందు ఏటిదా, చెరువుదా అని ఓ మాట అడగండి. నిజం చెబుతారు, రేటూ చెబుతారు.

తిరుగుదారి కైకలూరు, ఆకివీడు మీదుగా 165వ జాతీయ రహదారి. ఆకివీడు దగ్గర ఉప్పుటేరు చూడొచ్చు. కొల్లేటి నీళ్లు సముద్రానికి చేరే దారి అదొక్కటే. ఆ దారిలో పూడిక పేరుకుంది, పోటు సమయంలో ఉప్పునీరూ ఎగదన్నుతోంది. అక్కడి నుంచి ఉండి, గణపవరం రోడ్లు పట్టి తాడేపల్లిగూడెం చేరితే హైవే, రైలు రెండూ ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధకాలపు విమానాల రన్‌వే ఇప్పటికీ ఊరి పక్కనే ఉంది, తీరికుంటే చూడొచ్చు.

లంకల్లో ఫోను చూపించే దారిని నమ్ముకోవద్దు. చెరువు గట్టును కూడా అది రోడ్డనే అంటుంది. "ఇటెల్తే ఊరండీ, అటెల్తే చెరువండి" అని చెప్పే మనిషి ప్రతి మలుపులో దొరుకుతాడు. కట్ట మీద ఎదురుగా చేపల లారీ వస్తే వెనక్కి తీయాల్సింది మీరే. ఐసు కరిగేది వాళ్ల లోడులో.