ఆయిల్ సీలు మార్చేముందు బ్రీదర్ చూడాలి: పాత డీజిల్ వ్యాన్ల సంరక్షణ

వ్యవసాయ విస్తరణలో వాహనం కూడా ఒక పరికరమే. మట్టి నమూనాల సంచులు, మినీకిట్లు, ప్రదర్శన సామగ్రి, శాస్త్రవేత్తల బృందం గ్రామానికి చేరేది చాలాచోట్ల కేంద్రంలో ఉన్న ఒకే ఒక్క వ్యాను మీదనే. పత్తిలో గులాబీరంగు పురుగు కనిపించిన వారంలో ఆ వ్యాను షెడ్డులో నిలిచిపోతే, మరుసటి వారం ఇచ్చే సలహా రైతుకు అంతగా ఉపయోగపడదు. అందువల్ల ఇంజన్ కింద నేలమీద కనబడే నల్లని మరకను డ్రైవరు పనిగా, మెకానిక్ పనిగా మాత్రమే భావించి వదిలివేయటం సరికాదు.

ప్రభుత్వ వాహనాలకు 15 ఏళ్లు నిండితే రిజిస్ట్రేషన్ కొనసాగించరాదన్న కేంద్ర నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. కాబట్టి కార్యాలయాల్లో ఇప్పుడు పాత వ్యాను అంటే పది, పన్నెండేళ్ల వయసున్నది. రైతుల వద్ద, కూరగాయల రవాణాదారుల వద్ద మాత్రం అంతకంటే పాతవి ఇంకా నడుస్తున్నాయి. మెర్సిడెస్ ఓఎం 616 రూపకల్పనపై ఆధారపడిన 2.4 లీటర్ల ఇంజన్ ఉన్న టెంపో వాహనాలు ఈ కోవకు చెందినవే. వయసు వేరైనా, తయారీదారు వేరైనా ఆయిలు కారటానికి మూలమైన భౌతిక సూత్రం ఒక్కటే.

ఆయిలు కారినప్పుడు సాధారణంగా జరిగేది సీలు మార్పించటం. రెండు మూడు నెలలకు అదే చోట మళ్లీ చెమ్మ కనిపిస్తుంది. సీలు నాసిరకమని మరొకటి వేయిస్తారు. మూడోసారి ఇంజన్ దించాలన్న మాట వస్తుంది. నల్లరేగడిలో పత్తి పసుపు రంగుకు తిరిగితే వేళ్ల వద్ద నీరు నిలిచిందేమో చూడకుండా యూరియా చల్లటం వంటిదే ఈ వైద్యం. సీలు దగ్గర కనబడేది లక్షణం. కారణం తరచుగా మరోచోట, ఇంజన్ ఊపిరి వదిలే బ్రీదర్‌లో ఉంటుంది.

లోపల ఏమి జరుగుతుంది?

పిస్టన్ రింగులు ఎంత కొత్తవైనా సిలిండరును పూర్తిగా మూయలేవు. మండిన వాయువులలో కొంత భాగం రింగుల పక్కనుంచి జారి క్రాంక్ కేసులోకి దిగుతుంది. మన మెకానిక్‌లు దీనినే ‘బ్యాక్ కంప్రెషన్’ అంటారు. దీని పరిమాణాన్ని అంచనా వేయటం కష్టం కాదు. 2.4 లీటర్ల నాలుగు స్ట్రోకుల ఇంజన్ నిమిషానికి 2,000 చుట్లు తిరిగితే సుమారు 2,400 లీటర్ల గాలిని పీల్చుకుంటుంది. అందులో ఒక్క శాతానికి సమానమైన వాయువు కిందికి జారినా నిమిషానికి 24 లీటర్లు అవుతుంది. అరిగిన ఇంజన్‌లో ఇది అనేక రెట్లు పెరుగుతుంది. ఈ వాయువంతా బయటకు పోవటానికి ఉన్న దారి బ్రీదర్.

ఆ దారి మూసుకుపోతే లోపల పీడనం పెరుగుతుంది. పది సెంటీమీటర్ల నీటిమట్టానికి సమానమైన పీడనం చాలా స్వల్పంగా తోచవచ్చు. అది చదరపు సెంటీమీటరుకు పది గ్రాముల బలం మాత్రమే. అయితే 50 సెం.మీ. పొడవు, 15 సెం.మీ. వెడల్పు గల వాల్వు కవరు లోపలి వైపున అదే పీడనం ఏడున్నర కిలోల బరువుతో సమానమైన తోపుగా పనిచేస్తుంది. కవరు కింది కార్క్ ప్యాకింగు ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడినుంచి ఆయిలు చెమర్చటం మొదలవుతుంది. తిరిగే షాఫ్టు చుట్టూ ఉండే రబ్బరు సీలు విషయం కొంత భిన్నమైనది. దాని అంచు ఆయిలు వైపు తిరిగి ఉంటుంది కనుక లోపలి పీడనం ఆ అంచును షాఫ్టుకు మరింత గట్టిగా అదుముతుంది. వెంటనే కారదు, కానీ ఒరిపిడి వేడికి రబ్బరు గట్టిపడుతుంది, షాఫ్టుపై సన్నని గాడి పడుతుంది. కొత్త సీలు అదే గాడిలో కూర్చుంటే దాని ఆయుష్షు కూడా తక్కువే. ఓఎం 616 తరం ఇంజన్లలో వెనుక ప్రధాన బేరింగు వద్ద ఉండే తాడు సీలుకు ఈపాటి రక్షణ కూడా లేదు. పీడనం పెరిగితే ఆయిలు దానిగుండా క్లచ్ గృహంలోకి దిగుతుంది. క్లచ్ ప్లేటు ఆయిలుతో తడిసి జారటం మొదలైతే చిన్న గొట్టం శుభ్రం చేయనందుకు గేరుబాక్సు దించవలసి వస్తుంది.

బ్రీదర్ ఎందుకు మూసుకుపోతుందో కూడా విద్యార్థులు తెలుసుకోవటం అవసరం. ఒక లీటరు డీజిల్ పూర్తిగా మండితే సుమారు ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో ఏర్పడుతుంది. అందులో కొంత భాగం మసితో, ఆమ్ల గుణం గల పదార్థాలతో కలసి క్రాంక్ కేసులోకి చేరుతుంది. ఇంజన్ బాగా వేడెక్కితే ఈ ఆవిరి బ్రీదర్ ద్వారా వెళ్లిపోతుంది. కార్యాలయం నుంచి బ్యాంకుకు, అక్కడినుంచి బస్టాండుకు తిరిగే వ్యాను అంత వేడెక్కదు. ఆవిరి చల్లబడి ఆయిలుతో కలిసి, ఫిల్లరు మూత అడుగున పాలకాఫీ రంగు జిగురుగా పేరుకుంటుంది. తక్కువ కిలోమీటర్లు తిరిగిన వాహనం బాగుంటుందన్న అభిప్రాయం ఈ విషయంలో తప్పు. వారానికి ఒకసారైనా 25, 30 కిలోమీటర్లు ఆగకుండా నడిపిన వ్యాను బ్రీదరే శుభ్రంగా ఉంటుంది.

దుమ్ము రెండో కారణం. చల్కా నేలల బాటల్లో లేచే ధూళిలో ఇసుక రేణువులు ఎక్కువ. బ్రీదర్ గొట్టం నేరుగా బయటికి తెరచి ఉన్న పాత ఇంజన్లు ఆగి చల్లబడేటప్పుడు కొద్దిగా గాలిని లోపలికి పీల్చుకుంటాయి. మూతలోని జాలీ ఆయిలు తడితో ఆ ధూళిని పట్టుకుని క్రమంగా పూడిపోతుంది. జాలీ చిరిగినా, ఊడిపోయినా ధూళి బేరింగుల దాకా చేరుతుంది.

నీటిమట్టంతో పరీక్ష

సీలు మార్చాలా, బ్రీదర్ శుభ్రం చేయాలా, ఇంజన్ దించాలా అన్నది ఊహతో తేల్చనవసరం లేదు. పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టాన్ని ‘యు’ ఆకారంలో ఒక చెక్కకు బిగించి సగం వరకు రంగు నీరు పోస్తే పీడనమాపకం తయారవుతుంది. గొట్టం భుజాలు అర మీటరుకు తగ్గకుండా ఉంటే నీరు ఎగిరి బయట పడదు, లోపలికీ పోదు. ఒక చివరను ఇంజన్‌కు కలపటానికి డిప్‌స్టిక్ రంధ్రాన్ని వాడటం సులభమే, కానీ కొన్ని ఇంజన్లలో ఆ గొట్టం ఆయిలు మట్టం కిందికి దిగి ఉంటుంది కనుక కొలత తప్పుతుంది. పాత ఫిల్లరు మూతకు రంధ్రం చేసి గొట్టం నిపుల్ బిగించుకోవటం మేలు.

ఇంజన్ పూర్తిగా వేడెక్కిన తరువాత ఐడిల్‌లోను, తరువాత సగం వేగంలోను రెండు భుజాల నీటిమట్టాల తేడా చూడాలి. పరిమితి ఇంజన్‌ను బట్టి మారుతుంది కాబట్టి కంపెనీ మాన్యువల్‌తో పోల్చాలి. అది దొరకనప్పుడు అదే వాహనపు పాత కొలతలే ప్రమాణం. పీడనం ఎక్కువగా ఉంటే బ్రీదర్ గొట్టాన్ని మొదట ఎయిర్ ఫిల్టరు వైపు ఊడదీసి మళ్లీ చూడాలి. మట్టం పడిపోతే అడ్డంకి ఆ చివరన ఉంది. పడకపోతే వాల్వు కవరు వైపు కూడా ఊడదీయాలి. అప్పుడు పడిపోతే గొట్టమే దోషి. అప్పటికీ తగ్గక, ఆ రంధ్రంలోనుంచి వాయువు సన్నగా మాత్రమే వస్తుంటే కవరు లోపలి జాలీ పూడింది. ధారాళంగా పొగతో తన్నుకొస్తుంటే రింగులు, సిలిండర్లు అరిగినట్లు భావించవచ్చు.

ఈ చివరి నిర్ణయానికి రాకముందు మరొక సంగతి గమనించాలి. చాలా డీజిల్ వ్యాన్లలో బ్రేకులకు శూన్యాన్ని కల్పించే వాక్యూమ్ పంపు తాను లాగిన గాలిని క్రాంక్ కేసులోకే వదులుతుంది. బ్రేకు బూస్టరు గొట్టం పగిలి గాలి పీలిస్తే ఆ గాలి కూడా ఇంజన్ లోపలే చేరుతుంది. టర్బో ఉన్న ఇంజన్లలో అరిగిన టర్బో కూడా ఇదే పని చేస్తుంది. చవకైన గొట్టం పగులును ఇంజన్ అరుగుదలగా పొరబడి రీబోరు దాకా వెళ్లటం నివారించదగిన నష్టం.

భారత్ స్టేజ్–3, 4 కాలపు కొన్ని ఇంజన్లలో బ్రీదర్ దారిలో రబ్బరు డయాఫ్రమ్ గల నియంత్రణ వాల్వు ఉంటుంది. అది చిరిగితే ఎయిర్ ఫిల్టరు వైపు లాగుడు ఎక్కువై క్రాంక్ కేసులో పీడనానికి బదులు శూన్యం ఏర్పడుతుంది. అప్పుడు సీళ్లు ఆయిలు కార్చవు, బయటి దుమ్మును లోపలికి లాగుతాయి. సన్నని ఈల శబ్దం, ఆయిలు ఖర్చు పెరగటం దీని గుర్తులు. పెట్రోలు వ్యాన్లలో ఉండే పీసీవీ వాల్వును ఊడదీసి చెవి దగ్గర ఊపితే లోపలి ముక్క టకటకమనాలి. చప్పుడు లేకపోతే మార్చటమే.

శుభ్రపరచటం, సీలు బిగించటం

లోహపు జాలీని కిరోసిన్‌లో నానబెట్టి, బ్రష్‌తో రుద్ది, ఆరబెట్టి, శుభ్రమైన ఇంజన్ ఆయిలులో ముంచి, కారేదంతా కారనిచ్చి బిగించాలి. కాగితపు ఫిల్టరు రకాన్ని కడగరాదు, మార్చాలి. గొట్టం విషయంలోనే పొరపాట్లు ఎక్కువ. రేడియేటరు గొట్టం ముక్కను బ్రీదర్‌కు అమరుస్తారు. ఆ రబ్బరు వేడి నీటికి నిలుస్తుంది గానీ ఆయిలు తగిలితే ఉబ్బి లోపలి దారిని మూసేస్తుంది. డ్రిప్ లాటరల్ ముక్క తగిలించటం మన ప్రాంతపు ప్రత్యేకత. అది ఇంజన్ వేడికి మెత్తబడి నొక్కుకుపోతుంది. ఆయిలును తట్టుకునే నైట్రైల్ రబ్బరు గొట్టాన్నే వాడాలి. అది కూడా మధ్యలో కిందికి వంగి ఆయిలు నిలిచే గుంట ఏర్పడకుండా బిగించాలి.

బ్రీదర్ సరిగా ఉందని తేలిన తరువాతే సీలు సంగతి. సీలుపై ముద్రించిన 40–62–10 వంటి అంకెలు వరుసగా లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం మిల్లీమీటర్లలో. అదే కొలతలో నైట్రైల్, విటాన్ రెండూ దొరుకుతాయి. నైట్రైల్ సుమారు 100 డిగ్రీల సెల్సియస్ వరకు నిలుస్తుంది, విటాన్ 200 డిగ్రీల వరకు. క్రాంక్ షాఫ్టు వెనుక సీలు మార్చాలంటే గేరుబాక్సు దించాలి కనుక అక్కడ ధర చూసి నైట్రైల్ ఎంచుకోవటం పొదుపు కాదు. దుకాణాల్లో సీళ్లను తీగకు గుచ్చి ఎండ తగిలేచోట వేలాడదీస్తారు. అలా వేలాడిన సీలు అంచు సాగి గుండ్రదనం కోల్పోతుంది, ఎండకు రబ్బరు పగుళ్లు తేలుతుంది. కవరులో బల్లపరుపుగా పెట్టి ఉంచినదాన్నే అడిగి తీసుకోవాలి. అంచును గోటితో నొక్కినప్పుడు గుర్తు వెంటనే మాసిపోవాలి.

బిగించేటప్పుడు చుట్టు స్ప్రింగు ఉన్న వైపు ఆయిలు వైపు ఉండాలి. అంచుకు ఆయిలు రాయకుండా పొడిగా తొడిగితే మొదటి నిమిషంలోనే కాలుతుంది. సుత్తితో ఒక పక్క కొట్టకుండా, సీలు బయటి వ్యాసానికి సరిపడే గొట్టం ముక్కతో సమంగా నొక్కాలి. షాఫ్టుపై గాడి ఉంటే సీలును ఒకటి రెండు మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో కూర్చోబెట్టాలి, లేదా పలుచని లోహపు తొడుగు వేయాలి. వాల్వు కవరు కార్క్ ప్యాకింగు చెమరుస్తుంటే నట్లు మరింత బిగించటం వల్ల కార్క్ పగలటం తప్ప ప్రయోజనం లేదు. సిలికాన్ జిగురు మితిమీరి పూస్తే లోపలికి ఊడిన ముక్కలు ఆయిలు జల్లెడకు అడ్డుపడి ఇంజన్‌కే ముప్పు తెస్తాయి.

ఆయిలు తగ్గుతుందన్న భయంతో డిప్‌స్టిక్ పై గీత దాటించి పోయటం మరింత ప్రమాదకరం. ఎక్కువైన ఆయిలు బ్రీదర్ గొట్టం ద్వారా గాలి దారిలోకి చేరితే డీజిల్ ఇంజన్ ఆ ఆయిలునే ఇంధనంగా మండించుకుని అదుపు లేకుండా వేగం పెంచుకుంటుంది. తాళం చెవి తిప్పినా ఆగదు. గాలి ప్రవేశ ద్వారాన్ని చదునైన చెక్కతో మూయాలి, లేదా పై గేరులో వేసి బ్రేకు నొక్కి పట్టి క్లచ్ వదలాలి. చేతిని, గుడ్డను ఆ ద్వారం వద్ద పెట్టరాదు.

వెనుక యాక్సిల్ బ్రీదర్

ఇంజన్ బ్రీదర్‌ను గుర్తించిన మెకానిక్ కూడా వెనుక యాక్సిల్ పైన ఉండే చిటికెన వేలి చివరంత బ్రీదర్‌ను మరచిపోతాడు. బురద దారుల్లో తిరిగే విస్తరణ వ్యాన్లకు ఇది మరింత ముఖ్యం. బురద గడ్డకట్టి ఆ రంధ్రం మూసుకుపోతే, యాక్సిల్ వేడెక్కినప్పుడు లోపలి గాలి వ్యాకోచించి గేరు ఆయిలును చక్రాల సీళ్ల గుండా బ్రేకు లైనర్లపైకి నెడుతుంది. ఒక చక్రం తడిసి మరొకటి పొడిగా ఉంటే బ్రేకు వేయగానే వాహనం ఒక పక్కకు లాగుతుంది. వేడి యాక్సిల్‌తో వాగు దాటినప్పుడు జరిగేది దీనికి విరుద్ధం. చల్లని నీటికి లోపలి గాలి సంకోచించి సీళ్ల అంచుల గుండా నీటిని పీల్చుకుంటుంది. మరునాడు ఆయిలు మజ్జిగ రంగుకు తిరిగి ఉంటే బేరింగులు తుప్పు పట్టకముందే మార్చాలి. తొలకరికి ముందు ఆ చిన్న మూతను చేతితో తిప్పి చూడాలి. అది స్వేచ్ఛగా కదిలితే చాలు, కదలకపోతే కిరోసిన్‌తో కడగాలి.

కార్యాలయ లాగ్‌బుక్కులలో కిలోమీటర్లు, డీజిల్ లీటర్లు శ్రద్ధగా నమోదవుతాయి. మధ్యలో పోసిన అర లీటరు, లీటరు ఇంజన్ ఆయిలు మాత్రం ఎక్కడా కనబడదు. ఆ ఒక్క గడి అదనంగా గీసి, ప్రతి ఆయిలు మార్పు నాడు నీటిమట్టం కొలతను పక్కనే రాస్తే, రెండేళ్ల తరువాత ఇంజన్ దించాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు కేంద్రం అధిపతి వద్ద మెకానిక్ మాటతో పాటు అంకెలు కూడా ఉంటాయి.