రెండు కంప్యూటరుల నడుమ ఒక కేబులు: సంఘపు పద్దులను త్వరితముగా మార్చుకొను విధము

సహకార సంఘమునకు ప్రాణము పద్దుపుస్తకము. సభ్యుని యప్పు, చెల్లించిన కిస్తు, వాటాధనము, ఎరువుల నిల్వ సరిగా వ్రాయబడి యున్నంత కాలమే సంఘముపై రైతునకు నమ్మకము నిలుచును. 1904లో మన దేశమున సహకార పరపతి సంఘముల చట్టము పుట్టినది మొదలు చిరకాలము ఈ పద్దులు కాగితముమీదనే యుండెను. 2022 జూన్ నెలలో కేంద్ర ప్రభుత్వము 2,516 కోట్ల రూపాయల యంచనాతో 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరీకరించు పథకము నామోదించెను. కావున నేడు పద్దు భద్రత యనగా కంప్యూటరు భద్రతయే.

ఇబ్రహీంపట్నము మండలములోని ఆదిభట్లలో టాటా వారి సాఫ్ట్‌వేరు కార్యాలయమును, విమానభాగముల కర్మాగారములును వెలసినవి. అపాచీ హెలికాప్టరు మొండెములను చేయు టాటా బోయింగ్ కర్మాగారము 2018లో ప్రారంభమైనది. అట్టి పెద్ద సంస్థల కంప్యూటరులను కలుపు ల్యాన్ కేబులు మన సంఘపు గదిలోను పనికివచ్చును.

క్రొత్త కంప్యూటరు వచ్చినపుడో, రెండవ ప్రతి యుంచవలసినపుడో పాత ఫైళ్లను మార్చుట యెట్లు? పెన్‌డ్రైవుపై ఒకసారి యెక్కించి మరల దింపవలయును గనుక కాలము రెట్టింపగును. వైరస్సు భయమును, చేజారిపోవు భయమును కలవు. ఇంటర్నెట్టు ద్వారా పంపితిమా, ప్రక్కబల్లకు పోవలసిన ఫైలు దేశమంతయు తిరిగి వచ్చును. ప్రక్కమడికి నీరు పెట్టుటకు గట్టున మడవ తీసిన చాలును. పెద్దచెరువునుండి వేరొక కాలువ త్రవ్వ నక్కరలేదు. ఈ కేబులు అట్టి మడవ.

100 జీబీ ఫైళ్లు గలవనుకొందము. సెకనుకు 20 మెగాబిట్లు పంపు ఇంటర్నెట్టున వానికి 11 గంటలు పట్టును. కంప్యూటరులకు 100 మెగాబిట్ల పోర్టు లున్నచో కేబులుతో రెండున్నర గంటలు, 1000 మెగాబిట్ల పోర్టు లున్నచో పావుగంట చాలును. హార్డుడిస్కు పాతదైనచో కొంత యాలస్యమగును.

ఈథర్‌నెట్ అను నీ పద్ధతిని 1973లో అమెరికాలోని జిరాక్స్ పరిశోధనాలయమున రాబర్ట్ మెట్‌కాఫ్ ప్రతిపాదించెను. నేటి కేబులులో ఎనిమిది తీగలు నాలుగు జతలుగా మెలివేయబడి యుండును. 100 మీటర్ల దూరమువరకు పనిచేయును. పాత యంత్రములకు తీగలు తారుమారుగా బిగించిన క్రాస్ఓవర్ కేబులు కావలసియుండెను; 1000 మెగాబిట్ల పోర్టులకు సామాన్యమైన కేబులే చాలును. అయితే రెండు కంప్యూటరుల యూఎస్‌బీ పోర్టులను సాధారణ తీగతో కలుపరాదు. విద్యుత్తు ఎదురెదురై యంత్రము చెడవచ్చును.

చేయు విధము

మొదట పద్దుల ప్రోగ్రామును మూసివేయవలయును. తెరచియుండగా తీసిన ప్రతి చెడిపోవచ్చును. వైఫై నాపి, కేబులును రెండింటికిని తగిలింపవలయును. ఈథర్‌నెట్ సెట్టింగులలో ఒకదానికి 192.168.10.1 అనియు, రెండవదానికి 192.168.10.2 అనియు చిరునామా లిచ్చి, రెండింటను సబ్‌నెట్ మాస్కు 255.255.255.0గా వ్రాయవలయును. గేట్‌వే గడిని ఖాళీగా విడువవలయును. పాత కంప్యూటరులో కావలసిన ఫోల్డరును మాత్రమే పాస్‌వర్డుతో షేరుచేసి, క్రొత్తదానిలో \\192.168.10.1 అని కొట్టినచో ఆ ఫోల్డరు కానవచ్చును. ఫైర్‌వాలు అడ్డగించినచో నెట్‌వర్కును ప్రైవేటుగా మార్చి, ఫైళ్ల షేరింగునకు మాత్రమే యనుమతి నీయవలయును. ఫైర్‌వాలును పూర్తిగా తీసివేయరాదు.

ప్రతి ముగిసిన వెంటనే పాత ఫైళ్లను చెరపివేయరాదు. ఇరుప్రక్కల ఫైళ్ల సంఖ్యయు పరిమాణమును సరిచూచి, కొందరు సభ్యుల ఖాతాలను తెరచి నిల్వలను పోల్చవలయును. పిమ్మట షేరింగును రద్దుచేసి, చిరునామాలను మునుపటివలె మార్చవలయును. ఆధారు, పట్టాదారు పాస్‌పుస్తకముల వివరములు సభ్యులవి గాని యంత్రమునవి కావు.

సోదర కర్షకులారా! విత్తనమును ఒకే గాదెలో నుంచి నిశ్చింతగా నిదురించు రైతు లేడు. పద్దుల రెండవ ప్రతి కలదా, దానిని తెరచి చూచి యెన్ని దినములైనదని రాబోవు సర్వసభ్య సమావేశమున తప్పక యడుగుడు. కేబులు వెల స్వల్పము. పోయిన పద్దును తిరిగి వ్రాయుటకు వెల లేదు.