గుల్లల వయస్సు తెలిసికొనుట యెట్లు?

గత సంవత్సరము శీతకాలమున మా తొమ్మిదవ తరగతి విద్యార్థులను బరంపురము నుండి గోపాలపురము సముద్రతీరమునకు తీసికొనిపోయితిమి. అల వెనుకకు మరలగనే తడి యిసుకలోనికి చొచ్చుకొనిపోవు ముక్కోణపు చిన్న గుల్లలను పిల్లలు ఏరిరి. వీనిని శాస్త్రజ్ఞులు డోనాక్స్ అందురు. ఒక విద్యార్థి గుల్ల మీది గీతలను లెక్కించి, దాని వయస్సు ఎనిమిదేండ్లని చెప్పెను. చెట్టు మానులోని వలయములను గూర్చి అంతకు ముందు వారమే పాఠము చెప్పియుంటిమి గావున, మేమును సంతోషించి సరియే యంటిమి.

అప్పుడు ఆ తీరముననే పెరిగిన మత్స్యకారుల పిల్లవాడొకడు, "కాదు మాస్టారూ! పోయిన ఏడు తుపానుకి ఈ ఒడ్డున ఒక్క గుల్ల మిగల్లేదండి. ఇవన్నీ తరవాత పుట్టినవే" అనెను. తోటి బాలురు నవ్విరి. మేము వారిని వారింపలేదు. పాఠశాలకు వచ్చి గ్రంథములు తిరుగవేసిన పిదప, పొరపాటు మాదే యని తెలిసినది. ఆ పొరపాటును సరిదిద్దుకొనుటకే ఈ వ్యాసము.

గుల్లలోని జీవి మిక్కిలి మెత్తనిది. దాని శరీరమును కప్పియుండు పలుచని పొర యొకటి సున్నపు పదార్థమును స్రవించి చిప్ప అంచున చేర్చుచుండును. కావున రెండు చిప్పలు కలియు కీలు చెంతనున్న ఉబ్బు భాగము బాల్యము నాటిది. అంచు నిన్న మొన్నటిది. పెరుగుదల మందగించినపుడెల్ల చిప్పపై ఒక గీత యేర్పడును. చలి దేశముల సముద్రములలో ప్రతి శీతకాలమునను పెరుగుదల తగ్గును గావున అచట అనేక జాతులకు ఏడాదికొక గీత పడును.

అయితే చలి యొక్కటియే కారణము కాదు. తుపాను తాకిడి, గ్రుడ్లు విడుచు కాలము, ఆహారలోపము, వీనివలన కూడ గీతలు పడును. మన బంగాళాఖాతపు తీరములందు నీటి వేడిమిలో అంతటి వ్యత్యాసము లేదు. వర్షాకాలమున నదులు తెచ్చు వరదనీరు సముద్రపు ఉప్పదనమును తగ్గించి గుల్లల పెరుగుదలను అడ్డుకొనును. ఏడాదికి రెండు గీతలు పడవచ్చును, మూడు పడవచ్చును, స్పష్టమైన గీత యొకటియు పడకపోవచ్చును. ఏ జాతికి, ఏ తీరమున, గీత యనగా ఏమో పరీక్షించి తేల్చుకొననిదే లెక్కకు విలువ లేదు.

ఆ పరీక్షలు మూడు విధములు. మొదటిది గుర్తు పెట్టుట. బ్రతికియున్న గుల్లల అంచున చిన్న గాటు పెట్టి, కొలిచి, నీటిలో విడిచి, కొన్ని మాసముల తరువాత మరల పట్టి కొలువవలెను. గాటునకు ఆవల పెరిగినదే ఆ కాలపు పెరుగుదల. రెండవది అనేకములను కొలుచుట. డెన్మార్కు శాస్త్రజ్ఞుడు పీటర్సన్ 19వ శతాబ్ది చివర చేపల విషయమున ఈ పద్ధతిని ప్రచారమునకు తెచ్చెను. ఒకేచోట ప్రతిమాసము వందలకొలది గుల్లలను కొలిచి, ఏ పొడవునవి ఎన్ని యున్నవో గీచినచో, ఒక్క కాన్పున పుట్టినవి ఒక గుంపుగ కనబడును. ఆ గుంపు నెలనెలకు ఎంత ముందుకు జరుగునో చూచిన పెరుగుదల తెలియును. మూడవది రసాయన పరీక్ష. ఆక్సిజన్‌లో తేలికది, బరువైనది అను రకములు కలవు. నీరు చల్లబడిన కొలది చిప్పలో బరువైన దాని పాలు కొంచెము హెచ్చును. అమెరికా శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ యూరీ 1947లో ఈ మార్గమును చూపెను. చిప్పను వరుసగ గీకి పరీక్షించినచో గడచిన వేసవులును శీతకాలములును బయటపడును. నదీముఖములందు మాత్రము వరదనీటి ప్రభావమును గూడ లెక్కలోనికి తీసికొనవలెను.

పెద్దలును లెక్క తప్పుదురు. 2006లో ఐస్‌లాండ్ తీరమున బ్రిటన్ శాస్త్రజ్ఞులు ఒక గుల్లను పట్టిరి. కీలు వద్ద గీతలను లెక్కించి, అది నాలుగు వందల యైదేండ్లకు పైబడినదని మొదట ప్రకటించిరి. కీలు చెంత గీతలు మిక్కిలి యిరుకుగ నుండి కొన్ని కలిసిపోయినట్లు తరువాత కనుగొనిరి. అంచు వైపున మరల లెక్కించి, అదే ప్రాంతపు ఇతర గుల్లల గీతలతో సరిపోల్చి, 2013లో దాని వయస్సు 507 ఏండ్లని సవరించిరి. అనగా అది 1499లో, శ్రీకృష్ణదేవరాయలు సింహాసనమెక్కుటకు పదియేండ్లకు ముందు పుట్టినది. తమ తొలి లెక్క తప్పని వారే లోకమునకు చెప్పుకొనిరి.

ఈ లెక్కలు పండితుల వినోదమునకు మాత్రమే కాదు. గుల్ల ఎన్ని మాసములకు ఎంత పెరుగును, ఏ పరిమాణమున గ్రుడ్లు విడుచును అను సంగతి తెలియనిచో, పిల్లను కనకమునుపే తల్లిని ఏరివేయుట జరుగును. కేరళలోని అష్టముడి సరస్సులో 1990ల తొలియేండ్లలో గుల్లలు బాగుగ తగ్గిపోయెను. అప్పుడు డిసెంబరు మొదలు ఫిబ్రవరి వరకు, అనగా సంతానోత్పత్తి కాలమున, ఏరుట మానవలెనని నియమము చేసిరి. చిన్నవి జారిపోవునట్లు వల కన్నులకు కొలత పెట్టిరి. గుల్లలు మరల వృద్ధిచెందెను. 2014లో ఆ సరస్సు గుల్లల వేటకు అంతర్జాతీయ ధ్రువపత్రము లభించినది. అనేక కుటుంబముల కూడు ఆ లెక్కపై ఆధారపడియున్నది.

విద్యార్థులారా! ఆ బాలుని యెదుట, తరగతి యంతటి యెదుట, మా తప్పును మేము ఒప్పుకొంటిమి. ఇప్పుడు ప్రతిమాసము మొదటి ఆదివారమున కొందరు విద్యార్థులు అదే తీరమున నూరేసి గుల్లలను కొలిచి, కొలిచినవానిని మరల అలలోనికి విడిచి వచ్చుచున్నారు. ఎచట త్రవ్వవలెనో చూపువాడు ఆ బాలుడే. కొలతల పుస్తకము వాని చేతనే యున్నది. సంవత్సరము నిండిన పిదప అందుండి ఏమి తేలునో, వచ్చే సంచికలో వానినే వ్రాయుమని కోరియున్నాము.