చైనాను చదవాలంటే... చైనాలోనే!

ఫీజు లేదు. విమాన టికెట్టు, గది, భోజనం, పుస్తకాలు, ఆరోగ్య బీమా... అన్నీ వాళ్లే చూసుకుంటారు. పైగా చేతిఖర్చులకు స్టైపెండూ ఇస్తారు. చదివేది మాస్టర్స్, ఉండేది ఏడాది, చోటు బీజింగ్‌లోని సింఘువా విశ్వవిద్యాలయం. ప్రపంచం నలుమూలల నుంచీ యువతను పిలిచి మరీ చదివిస్తున్న ఈ ‘ష్వార్జ్‌మన్ స్కాలర్స్’ ఎవరి ఆలోచన? మనవాళ్లు వెళ్లొచ్చా?

చైనా అనగానే తెలుగువాళ్లకు 2020 జూన్ గుర్తొస్తుంది. గల్వాన్ లోయలో సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్‌బాబు ప్రాణాలర్పించిన రోజులవి. మరోపక్క మన ఇళ్లలోని ఎలక్ట్రానిక్ సామాన్లలో, మందుల కంపెనీలు వాడే ముడిసరుకులో చాలావరకు అక్కడి నుంచి వచ్చేదే. తగవైనా బేరమైనా తప్పని పొరుగుదేశమది. అయినా దాన్ని దగ్గరగా చూసినవాళ్లు, ఆ భాష చదవగలిగినవాళ్లు మనలో ఎందరని వెతికితే వేళ్ల మీద లెక్కపెట్టాల్సిందే.

వ్యాపారి పెట్టిన పెట్టుబడి

స్టీఫెన్ ష్వార్జ్‌మన్ అమెరికన్ వ్యాపారి, పెట్టుబడుల సంస్థ బ్లాక్‌స్టోన్ వ్యవస్థాపకుల్లో ఒకరు. మన కేర్ ఆసుపత్రుల్లో పెద్ద వాటా కొన్నది ఆ సంస్థే. రేపటి నాయకులకు చైనా తెలియకపోతే కుదరదన్నది ఆయన వాదన. ఆక్స్‌ఫర్డ్‌లోని రోడ్స్ స్కాలర్‌షిప్‌ను నమూనాగా తీసుకుని, సొంత సొమ్ము 10 కోట్ల డాలర్లతో 2013లో ఈ పథకాన్ని ప్రకటించారు. మిగతాది దాతల నుంచి సేకరించారు. వందమందికి పైగా విద్యార్థులతో తొలి బ్యాచ్ 2016లో మొదలైంది. సుమారు 40 శాతం సీట్లు అమెరికన్లకు, 20 శాతం చైనీయులకు, మిగిలినవి తక్కిన ప్రపంచానికి.

అందరూ ఒకే భవనంలో ఉంటారు. బీజింగ్ పాతకాలపు ఇళ్ల తరహాలో నడిమి ముంగిలి చుట్టూ దాన్ని కట్టారు. రూపశిల్పి రాబర్ట్ స్టెర్న్. పాఠాలు ఇంగ్లిష్‌లోనే సాగుతాయి. చైనీస్ రానివాళ్లకు మాండరిన్ నేర్పుతారు. ‘డీప్ డైవ్’ పేరుతో బీజింగ్ దాటించి ఇతర ప్రాంతాలకు తీసుకెళ్లి అక్కడి పరిశ్రమలనూ పాలననూ దగ్గర నుంచి చూపిస్తారు.

దండుగ సొమ్ముతో పుట్టిన బడి

సింఘువా పుట్టుకే ఒక కథ. 1900లో విదేశీయుల మీద ‘బాక్సర్లు’ అనే చైనా తిరుగుబాటుదారులు తిరగబడితే ఎనిమిది దేశాల సేనలు బీజింగ్ మీద పడ్డాయి. బ్రిటిష్‌వాళ్ల తరఫున మన సిపాయిలూ వెళ్లారు. ఓడిన చైనా మీద 1901లో 45 కోట్ల తాయెల్‌ల (చైనా పాత తూకం) వెండి దండుగ వేశారు. తమ వాటా అసలు నష్టం కంటే ఎక్కువని తేలాక, ఆ అదనపు సొమ్మును వెనక్కివ్వాలని 1908లో అమెరికా నిర్ణయించింది. ఆ డబ్బు చైనా యువకుల అమెరికా చదువులకు వాడాలని ఏర్పాటు. వాళ్లను సిద్ధం చేయడానికి 1911లో పెట్టిన బడే నేటి సింఘువా.

చదువుకుని వచ్చినవాళ్లు తమకు అనుకూలంగా ఉంటారన్నది అమెరికా లెక్క. ఆ లెక్క ప్రతిసారీ కుదరలేదు. ఆ నిధితోనే 1935లో వెళ్లిన చియెన్ షుయెసెన్ అక్కడ పేరున్న రాకెట్ శాస్త్రవేత్త అయ్యారు. కమ్యూనిస్టన్న అనుమానంతో అదే అమెరికా ఆయన్ను ఐదేళ్లపాటు కట్టడిచేసింది. 1955లో స్వదేశానికి చేరి చైనా క్షిపణి కార్యక్రమానికి పితామహుడయ్యారు. ఇప్పుడు ప్రవాహం తిరగబడింది. చైనా పిల్లలను అమెరికాకు పంపడానికి పుట్టిన బడికి అమెరికా పిల్లలే వస్తున్నారు, అదీ ఒక అమెరికన్ డబ్బుతో!

కళ్లు తెరుచుకునే వెళ్లాలి

ఊరికే ఎవరూ చదివించరు. చైనాకు పలుకుబడి కావాలి, దాతకు పేరు కావాలి. కమ్యూనిస్టు పార్టీ నీడలో నడిచే విశ్వవిద్యాలయంలో ఏ మేరకు స్వేచ్ఛగా మాట్లాడగలమన్న ప్రశ్నా ఉంది. భారత్, చైనాల మధ్య పొరపొచ్చాలొస్తే ముందు నలిగేది విద్యార్థులే. కొవిడ్ వేళ చైనా నుంచి సెలవులకొచ్చిన మన ఎంబీబీఎస్ విద్యార్థులు వీసాల్లేక 2022 దాకా ఇళ్లలోనే ఉండిపోయారు. రెండు దేశాల మధ్య ఆగిన నేరు విమానాలు 2025 అక్టోబరులో గానీ మళ్లీ మొదలుకాలేదు. అయితే చైనాను తెలుసుకోవడమంటే మెచ్చుకోవడం కాదు. ఇచ్చేవాడి లెక్క ఏదైనా నేర్చుకున్నది మనదేనని చియెన్ కథే చెబుతోంది.

అర్హతలివీ

ఏ సబ్జెక్టులోనైనా డిగ్రీ చాలు. చేరే ఏడాది ఆగస్టు 1 నాటికి 18 ఏళ్లు నిండాలి, 29 నిండకూడదు. ఇంగ్లిష్ బాగా రావాలి, చైనీస్ వచ్చి ఉండక్కర్లేదు. దరఖాస్తుకు రుసుము లేదు. వ్యాసాలు, సిఫారసు లేఖలు, చిన్న వీడియో పంపాలి. వడపోతలో నిలిచినవాళ్లకు ఇంటర్వ్యూ ఉంటుంది. మార్కులతో పాటు నలుగురిని కలుపుకుని ఏం సాధించారన్నదీ గట్టిగా చూస్తారు. కాలేజీలో నడిపిన సంఘమో, ఊళ్లో తెచ్చిన మార్పో చెప్పుకోడానికి ఉండాలి. చైనా వ్యవహారాల మీదే ఆసక్తి ఉంటే పెకింగ్ విశ్వవిద్యాలయంలోని యెన్‌చింగ్ అకాడమీ కూడా ఇలాంటి అవకాశమే ఇస్తోంది.

ఎమ్మెస్ అంటే అమెరికా, దానికోసం బ్యాంకు అప్పు... మనకు అలవాటైన దారి ఇది. పైసా అప్పులేని మరో దారీ ఉంది. డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉన్న పిల్లలు మీ ఇంట్లో ఉంటే, ఈసారి వాళ్లను ఇటు కూడా ఓ ప్రయత్నం చేయమనండి.