వేడి లేని కరెంటు... నిజంగా సేఫేనా?

శుక్రవారం సాయంత్రం గచ్చిబౌలిలో, ఆఫీసు కింద టీ బండి దగ్గర మా టీమ్‌ అన్న ఫోన్ చూపించాడు. "మా బావకి పాంక్రియాస్‌లో గడ్డ. రక్తనాళాన్ని చుట్టుకుందట, కోసి తీయలేమన్నరు. కరెంటుతో కణాల్ని చంపే పద్ధతి ఉందట, వేడే ఉండదట. సేఫేనా తమ్మీ?"

నాకు మెడిసిన్ రాదు. టెస్టింగ్ వచ్చు. వీకెండంతా అదే చదివా.

దాని పేరు ఇర్రివర్సిబుల్ ఎలక్ట్రోపొరేషన్, ఐఆర్‌ఈ. మెషీన్ పేరు నానోనైఫ్. గడ్డ చుట్టూ సూదులు గుచ్చి, 3000 వోల్టుల దాకా, సెకనులో పదివేలో వంతు కూడా ఉండని పల్స్‌లు పంపిస్తారు. కణం పొరకి చిల్లులు పడి, మళ్లీ పూడవు. వేడి దెబ్బ లేకుండా ఇది చేయొచ్చని 2005లో డవలోస్, మిర్, రుబిన్‌స్కీ లెక్కలతో చూపించారు. క్లోమం పక్కనే పేగులకెళ్లే పెద్ద ధమని, పోర్టల్ సిర, పైత్యనాళం. కాల్చే పద్ధతులకి గడ్డేదో నాళమేదో తేడా తెలీదు. ఐఆర్‌ఈలో కణాలు చచ్చినా నాళం గోడల కొల్లాజెన్ అల్లిక చాలావరకు నిలుస్తుంది.

మరి వేడి సున్నానా? ఇంజినీర్ బుద్ధి ఊరుకోదు కదా! మెషీన్ గరిష్ఠం 3000 వోల్టులు, 50 ఆంపియర్లు, 90 మైక్రోసెకన్లు అనుకుంటే ఒక్క పల్స్‌కి 13.5 జౌళ్లు. ఒక సూదుల జతకి మామూలుగా 90 పల్స్‌లు, అంటే 1215 జౌళ్లు. 30 గ్రాముల నీళ్లని దాదాపు 10 డిగ్రీలు వేడెక్కించడానికి అది చాలు. ఇది పైలెక్కే, రక్తం కొంత వేడిని మోసుకుపోతుంది. కానీ సూది అంచున వేడి ఎక్కువ, జతలు పెరిగితే ఇంకా ఎక్కువ. పక్కన లోహపు స్టెంట్ ఉంటే కరెంటు దారే మారిపోవచ్చు. "నాన్ థర్మల్" అనే మాటని నేనైతే కండిషన్స్ అప్లై అనే చదువుకుంటా.

టెస్టింగ్ మొదలయ్యేది తమాషాగా ఆలుగడ్డతో. కరెంటు తగిలిన మేర కొన్ని గంటల్లో నల్లబడుతుంది, కంటికి కనిపించే లాగ్ అన్నమాట. తర్వాత పందుల క్లోమం, ఆపై మనుషులు. గుండె లయ తప్పకుండా ఈసీజీ చూసి, ప్రతి కొట్టుకోవడంలోనూ గుండె స్పందించని ఆ చిన్న గ్యాప్‌లోనే పల్స్ వదులుతారు. కండరాలు ఎగిరిపడకుండా పూర్తి మత్తు, కండరాల్ని వదులు చేసే మందు తప్పనిసరి.

నెదర్లాండ్స్‌లో పాన్‌ఫైర్ అనే అధ్యయనం 25 మంది మీద జరిగింది. 2017లో ఫలితాలొచ్చాయి: 90 రోజుల్లో ఎవరూ చనిపోలేదు, కానీ పెద్ద కాంప్లికేషన్లు 11. 2024లో వచ్చిన క్రాస్‌ఫైర్ ట్రయల్‌లో, గురిపెట్టిన రేడియేషన్ కంటే ఐఆర్‌ఈ ఎక్కువ కాలం బతికించలేకపోయింది. సేఫ్ అంటే సరిపోదు, దేనితో పోలిస్తే అనడగాలి.

సోమవారం అన్నకి ఇదంతా చెప్పి, డాక్టర్‌ని అడగమని మూడు ప్రశ్నలిచ్చా. బావగారికి స్టెంట్ వేశారా, వేస్తే లోహానిదా? గుండె లయలో తేడాలున్నాయా? కీమో తర్వాత రేడియేషన్‌తో పోలిస్తే ఈయనకి ఇదెందుకు?

మొదటి ప్రశ్నకే ఆగిపోయాడు. "స్టెంట్ సంగతి నాకే తెల్వదు" అంటూ టీ గ్లాసు పక్కన పెట్టి అక్కకి ఫోన్ కలిపాడు.