కడుపుతో ఉన్నప్పుడు పులిపిర్లా? సిగ్గుపడి సొంత మందు పెట్టుకోవద్దు

మాది పాలకుర్తి. పోయినేడు మా వదినకు ఐదో నెల నడుస్తుంటే చెప్పుకోలేని కాడ పులిపిర్లు లేసినయ్. నెల రోజులు ఎవ్వలికి చెప్పలే. ఆఖరుకు ఒక మందుల షాపుల అడిగి మందు తెచ్చుకున్నది. పెట్టుకునే ముందు నాకు చూపెట్టింది. డబ్బ మీద పోడోఫిలోటాక్సిన్ అని ఉంది. కడుపుతో ఉన్నోళ్లు వాడొద్దని లోపలి కాగితంల రాసే ఉంది! షాపాయన అడగలే, ఈమె చెప్పలే.

ఇవి హెచ్‌పీవీ అనే వైరస్‌తోని వస్తయ్. గీ పులిపిర్లల్ల నూటికి 90 దాకా 6, 11 నంబరు రకాలతోనే. గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ ఎక్కువగా తెచ్చేవి 16, 18 రకాలు. అంటే పులిపిరి లేస్తే క్యాన్సర్ వచ్చినట్టు కాదు. ఈ వైరస్ నెలలు, ఒక్కోసారి ఏండ్లు సప్పుడు చెయ్యకుంట ఒంట్ల ఉంటది. కడుపుతో ఉన్నప్పుడు బయటపడి జల్ది పెరగొచ్చు. ఇప్పుడు కనవడ్డదని ఆలుమొగలు ఒకరినొకరు అనుమానపడి కొట్లాడుకునుడు తప్పు.

మరి వైద్యమేంది? పోడోఫిలిన్ మందులు కడుపుల బిడ్డకు ప్రమాదం, ముట్టొద్దు. ఇమిక్విమాడ్ క్రీము కూడా ఈ టైంల మామూలుగ ఇయ్యరు. సున్నం పెట్టుడు, వెంట్రుక కట్టుడు చేస్తే పుండ్లయితయ్. డాక్టరు అయితే బాగ చల్లటి నైట్రోజన్‌తోని మాడుస్తడు, లేకుంటే ట్రైక్లోరో అసిటిక్ ఆసిడ్ తనే పూస్తడు. పెద్దగుంటే కోసి తీస్తరు. చిన్నగుంటే ఊకున్నా నడుస్తది, కాన్పయినంక మస్తు మందికి వాటంతటవే తగ్గుతయ్.

ముందుగాల రక్త పరీక్ష చేయించుకోవాలె. సిఫిలిస్ గడ్డలు కూడా గిట్లనే కనవడ్తయ్. అది బిడ్డకు చానా చెడ్డది, కాని సూదిమందుతోని నయమైతది.

ఇంకో భయం ఆపరేషన్. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల తెలంగాణల నూటికి 60.7 కాన్పులు కోతలే, దేశంల మనమే ముందు. పులిపిర్లు ఉన్నయన్న ఒక్క కారణానికే కోత పెట్టే పని లేదు. బిడ్డ వచ్చే దారికి అడ్డమైతేనో, రక్తం బాగ పోయే భయముంటేనో అది వేరే ముచ్చట. బిడ్డ గొంతుల పులిపిర్లు వచ్చుడు చానా అరుదు. కోత పెడితే అది ఆగుతదన్న రుజువు కూడా లేదు.

సర్కారు పెద్ద దవాఖానల్ల సురక్ష క్లినిక్‌లు ఉంటయ్. పైసలు తీస్కోరు, పేరు బయటపెట్టరు. మా వదినకు డాక్టరు వారం వారం మందు పూసిండు. మామూలు కాన్పే అయ్యింది.

తమ్మీ, చెల్లె.. మన దేశంల తయారైన సర్వావాక్ టీకా 6, 11, 16, 18 నాలుగు రకాలను అడ్డుకుంటది. కాని వచ్చినంక తగ్గియ్యదు, కడుపుతో ఉన్నప్పుడు ఎయ్యరు. అందుకే పెండ్లికి మస్తు ముందుగాల్నే, 9 నుంచి 14 ఏండ్ల వయసుల ఎయ్యాలె. ఇంట్ల వదినకో అక్కకో కడుపైతే గీ ముచ్చట చెవుల ఎయ్యుండ్రి. సిగ్గు రెండు నిమిషాలే ఉంటది.