దావీదు రెండో కొడుకు ఏమయ్యాడు?

దావీదు కొడుకుల పేర్లు అడిగితే సండేస్కూలు పిల్లలు కూడా సొలొమోను అని టక్కున చెబుతారు. చెట్టుకొమ్మల్లో తల ఇరుక్కుని వేలాడిన అబ్షాలోమునూ ఎవరూ మరిచిపోరు. కిల్యాబు పేరెత్తేవాళ్లే అరుదు.

హెబ్రోనులో దావీదు ఏలిన ఏడున్నరేళ్లలో ఆరుగురు భార్యలకు ఆరుగురు కొడుకులు పుట్టారు. పెద్దవాడు అమ్నోను, రెండోవాడు అబీగయీలుకు పుట్టిన కిల్యాబు. రెండో సమూయేలు గ్రంథం మూడో అధ్యాయంలో అతని గురించి ఉన్నది ఆ ఒక్క ముక్కే. మొదటి దినవృత్తాంతాల్లో తల్లి ఆవిడే, వరసా అదే, పేరు మాత్రం దానియేలు! మన ఇళ్లలో బడి పేరొకటి, పిలుపు పేరొకటి ఉన్నట్టు ఇతనికీ ఉండేదేమో. నకళ్లు రాసేవాళ్ల చేతుల్లో అక్షరాలు తారుమారయ్యాయేమోనని నా అనుమానం.

కొడుకుకి ఒక్క ముక్క దక్కితే, తల్లి అబీగయీలుకి ఒక అధ్యాయమే దక్కింది. ఆమె మొదటి భర్త నాబాలు యూదా దేశపు కర్మెలులో 3,000 గొర్రెలు, 1,000 మేకలున్న ఆసామి. బొచ్చు కత్తిరించే పండగపూట దావీదు మనుషులు తిండి అడిగితే తిట్టి పంపాడు. దావీదు 400 మందితో కత్తి కట్టుకుని బయలుదేరాడు. ఆమె మొగుడికి చెప్పకుండా 200 రొట్టెలు, రెండు తిత్తుల ద్రాక్షారసం, వండిన గొర్రెలు అయిదు, వేయించిన ధాన్యం, ఎండుద్రాక్ష గుత్తులు, అంజూరపు అడలు గాడిదలకెత్తించి ఎదురెళ్లి ఆపింది. పది రోజులకు నాబాలు చచ్చాడు. దావీదు ఆమెను పెళ్లాడాడు.

ఇంత తొందరగా పెళ్లయితే లోకం ఊరుకుంటుందా? కడుపులో ఉన్నది నాబాలు బిడ్డేనని గుసగుసలాడారట. పుట్టినవాడు అచ్చం తండ్రి పోలికేనని, పేరులోనే ఆ అర్థం ఉందని యూదు వ్యాఖ్యాత రాషీ (1040–1105) రాశాడు. యూదుల ధర్మగ్రంథం తాల్ముదు మరో మాటంటుంది: సొంత పాపం లేకుండా చనిపోయినవాళ్లు నలుగురే. బెన్యామీను, మోషే తండ్రి అమ్రాము, దావీదు తండ్రి యెష్షయి, ఈ కిల్యాబు. చెప్పుకోడానికి కథ లేనివాడిలో తప్పులు మాత్రం ఎక్కడ వెతుకుతారు?

అన్నదమ్ముల సంగతి అలా కాదు. చెల్లెలు తామారును చెరిచిన అమ్నోనును రెండేళ్లు కాచుకుని అబ్షాలోము చంపించాడు. అదీ గొర్రెబొచ్చు కత్తిరించే విందులోనే. అబ్షాలోమును దావీదు సేనాపతి యోవాబు పొడిచాడు. పెద్దవాడూ మూడోవాడూ పోతే వంతు రెండోవాడిదే కావాలి. కానీ రాజునవుతానని లేచింది నాలుగోవాడు అదోనీయా. కిల్యాబు చిన్నతనంలోనే పోయి ఉంటాడని చాలామంది పండితుల ఊహ. నాకూ అదే సబబనిపిస్తుంది.

అదోనీయా తన ముందు పరుగెత్తడానికి 50 మందిని పెట్టుకున్నాడు. ఏన్‌రోగేలు ఊట దగ్గర గొర్రెల్ని, ఎడ్లను కోయించి, సొలొమోనును తప్ప రాజు కొడుకులందర్నీ విందుకు పిలిచాడు. ఆ అందరిలో అన్న అనదగ్గవాడు ఒకడు ఉండాలి. అతని ప్రస్తావనే లేదు.